విశ్వకర్మ పూజ నాడు విప్పి చూపిన కీలు

పేటెంట్ లాయరుగా ఇన్నేళ్ళు ఏం చేశారని ఎవరైనా అడిగితే, "షెడ్లు తిరిగానండి" అంటాను. నవ్వేస్తారు. నిజంగా అంతే. విశాఖపట్నంలో ఈ వృత్తి చేసినవాళ్ళెవరైనా కోర్టు మెట్ల కంటే వర్క్‌షాపు గుమ్మాలే ఎక్కువ ఎక్కి ఉంటారు. నా చీరల్లో గ్రీజు మరక లేనిది పెళ్ళినాటి పట్టుచీర ఒక్కటే. ఇస్త్రీ చేసే అతను ఒకసారి మా ఆయన్ని పక్కకి పిలిచి, "అమ్మగోరు లాయరని సెప్పేరు, మరి లారీలేటైనా బాగు సేత్తన్నారేటండి?" అని అడిగాడట.

ఇప్పుడు మధురవాడ వైపు ఆఫీసుల నుంచీ, లా కాలేజీల నుంచీ పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. తెలివైన పిల్లలు. ఏ సెక్షన్ అడిగినా తడుముకోరు. ఏ దేశంలో ఏ తీర్పు వచ్చిందో కూర్చున్న చోటే చెప్పేస్తారు. వాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది, కొంచెం కుళ్ళూ పుడుతుంది. మా రోజుల్లో ఒక పాత పేటెంటు కాగితం చూడాలంటే చెన్నైలోని పేటెంటు ఆఫీసుకి రైలెక్కాలి. కానీ ఆ పిల్లల్లో చాలామంది ఎవరి తరఫున దరఖాస్తు రాస్తున్నారో ఆ మనిషి చేసిన వస్తువుని ఒక్కసారైనా చేత్తో పట్టుకుని చూడలేదు. అదొక్కటే నా బెంగ. ఇది వాళ్ళ కోసమే రాస్తున్నాను. నేనెలా పైకొచ్చానో, ఏ ఫారం ఎక్కడ వేయాలో ఇందులో ఉండదు. ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నదీ, ఒక కేసులో కళ్ళారా చూసినదీ చెబుతాను.

దానియేలు గారి పద్ధతి

నా గురువు దానియేలు గారు. మహారాణిపేటలో ఒక పాత మేడ మీద ఆయన ఆఫీసు. లా చదవకముందు ఓడలు కట్టే చోట డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశారు. చర్చిలో పాటలు పాడేవాళ్ళలో ఆయనది బొంగురు గొంతు. ఆదివారం దేవుణ్ణి స్తుతించిన ఆ గొంతుతోనే మిగతా వారమంతా మమ్మల్ని తిట్టేవారు. నేను ఫిజిక్సులో ఎం.ఎస్సీ. చేసి, తరువాత లా చదివి, తొంభైల మొదట్లో ఆయన దగ్గర జూనియరుగా చేరాను. చేరిన కొత్తలో నేను రాసిన మొదటి దరఖాస్తు చూసి, "ఇంగ్లీషు బాగుందమ్మా వసంతా. ఇది పంపో, పనస పండో మాత్రం తెలీడం లేదు" అన్నారు. అంతకంటే మెచ్చుకోలు ఆయన నోటి వెంట రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆయనకి రెండు పట్టుదలలు ఉండేవి. కొత్త వస్తువు చేశానంటూ ఎవరొచ్చినా, దాన్ని తన చేత్తో పెన్సిలుతో గీసి చూసుకోనిదే ఒక్క వాక్యం రాయనిచ్చేవారు కాదు. గీస్తే మనకి ఎక్కడ అర్థం కాలేదో అక్కడ పెన్సిలు ఆగుతుంది అనేవారు. రెండోది, కేసు గెలిస్తే ఏమొస్తుందో చెప్పే ముందు ఏం పోతుందో చెప్పేవారు. ఇది క్లయింట్లకి నచ్చేది కాదు. గోపాలపట్నం నుంచి పచ్చళ్ళ వ్యాపారం చేసే ఒకావిడ వచ్చి, తన చెల్లెలు అదే లేబులు పెట్టుకుని పక్క వీధిలో అమ్ముతోందని, కేసు వేయాలని పట్టుబట్టింది. దానియేలు గారు అంతా విని, "గెలుస్తారమ్మా. లేబులు మీదే అవుతుంది. చెల్లెలు మాత్రం మళ్ళీ మీ గుమ్మం తొక్కదు. సరేనంటే సంతకం పెట్టండి" అన్నారు. ఆవిడ సంతకం పెట్టకుండా విసురుగా వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి వచ్చి, రెండు వేరు వేరు లేబుళ్ళు రిజిస్టరు చేయించుకున్నారు. చేతికొచ్చిన పెద్ద కేసు పోయిందని గుమాస్తా గొణిగితే, "నువ్వూ ఒక జాడీ కొనుక్కో, నోరు మూతపడుతుంది" అన్నారు దానియేలు గారు.

అరుపుల కాలం

అవి మా చట్టం మీద ఊరూ వాడా మాట్లాడుకున్న రోజులు. పసుపు మీదా వేప మీదా విదేశాల్లో పేటెంట్లు ఇచ్చారన్న వార్త వచ్చాక, అంతకుముందు పేటెంటంటే షాపులో అమ్మే పేటెంటు మందు సీసా అనుకున్నవాళ్ళు కూడా నన్ను ఆపి అడిగేవారు. యూనియన్ల మీటింగుల్లో, లైబ్రరీ హాళ్ళలో ప్రసంగాలు. ప్రపంచ వాణిజ్య ఒప్పందం మీద సంతకం పెట్టాం కాబట్టి మన చట్టం మారి తీరాలని ఒకరు, మారితే మందులు పేదవాడికి అందవని ఇంకొకరు. రెండువేల ఐదులో సవరణ వచ్చి, మందుల తయారీ పద్ధతికే కాక మందుకీ పేటెంటు ఇవ్వడం మొదలయ్యే దాకా ఈ గొడవ సాగుతూనే ఉంది. తరువాతా ఆగలేదు.

నన్ను కూడా రెండు మూడు మీటింగులకి పిలిచారు. మాట్లాడి వచ్చి దానియేలు గారికి చెబితే, "రెండు పక్షాలూ సగం నిజమే చెబుతున్నాయి. ఈ చట్టంలో అసలు అందమేమిటో మాత్రం ఎవరూ చెప్పరు" అన్నారు. ఏమిటండీ అంటే, ఎంత పెద్ద కంపెనీకి పేటెంటు వచ్చినా, దాని దెబ్బ తగిలే చిన్నవాడు ఎవడైనా సరే, లోపలికి వచ్చి "ఇది కొత్తది కాదు, మాకు ముందే తెలుసు" అని అభ్యంతరం చెప్పొచ్చు, ఆ చెప్పేవాడి మాట కూర్చుని వినాలి. అదీ అందం అన్నారు. సవరణ తెచ్చినప్పుడు ఈ అభ్యంతరం చెప్పే హక్కుని కుదించాలని కొందరు, ఉంచాలని కొందరు గట్టిగా వాదించుకున్నారు. చివరికి పేటెంటు ఇవ్వకముందూ, ఇచ్చాకా కూడా చెప్పుకునేలా ఉంచారు. అలా ఉంచినవాళ్ళెవరో నాకు తెలియదు కానీ, వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించిన సందర్భం తొందరలోనే వచ్చింది.

ఆటోనగర్ నుంచి వచ్చిన మనిషి

సింహాచలం అని, గాజువాక ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. ఐ.టి.ఐ. చదివి, కొన్నాళ్ళు ఎవరి దగ్గరో ఫిట్టరుగా చేసి, సొంతంగా లేతు పెట్టుకున్నాడు. ఒకరోజు ఆఫీసుకి వచ్చి, చెమటకి మెత్తబడిన ఒక నోటీసు బల్ల మీద పెట్టి, "నాను సేసిన సామాను నన్నే సెయ్యొద్దంతన్నారండి" అన్నాడు. మిగతాదంతా మేమే అడిగి రాబట్టాం.

సంగతి ఇది. పోర్టులో బొగ్గూ ఖనిజమూ పొడవాటి రబ్బరు బెల్టుల మీద ప్రయాణం చేస్తాయి. వానాకాలంలో తడిబొగ్గు బురదలా బెల్టుకి అంటుకుని, తిరుగు దారిలో కింద రాలి కుప్పలు పడుతుంది. నడుస్తున్న బెల్టు కిందకి దూరి పారతో ఆ బురద ఎత్తాలి. ప్రాణాలతో చెలగాటం. బెల్టుని గీకడానికి కింద ఒక బ్లేడు పెట్టేవారు. అయితే బెల్టు అతుకు వచ్చిన చోటల్లా ఆ బ్లేడు తట్టుకుని, ఒక్కోసారి బెల్టునే చీల్చేసేది. సింహాచలం బ్లేడుని ముక్కలు చేశాడు. అది పెద్ద విషయం కాదు, ముక్కల బ్లేడు అంతకుముందూ ఉంది. ప్రతి ముక్క వెనకా అతను పెట్టిన కీలే కొత్తది. అతుకు తగలగానే ముక్క వెనక్కి ఒరిగి, దాటగానే తన చోటికి వస్తుంది. బురద దూరకుండా ఆ కీలుకి పైన మూత. బయట నుంచి చూస్తే లోపలేముందో కనిపించదు. కాంట్రాక్టర్లు అడిగి మరీ కొనుక్కునేవారు.

కొన్నేళ్ళకి బయటి ఊరి పెద్ద కంపెనీ ఒకటి సరిగ్గా అదే కీలుకి పేటెంటు తెచ్చుకుంది. కంపెనీ పేరు అనవసరం. సింహాచలానికి నోటీసు పంపింది, కొనే కాంట్రాక్టర్లకి కూడా ఉత్తరాలు రాసింది. ఉన్న ఆర్డర్లు ఆగిపోయాయి. పనివాళ్ళని ఇళ్ళకి పంపేశాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిస్తే లేతు అమ్ముకుని మళ్ళీ ఎవరి దగ్గరో ఫిట్టరుగా చేరాలి. నలభై దాటిన మనిషి.

దానియేలు గారు ఆ మర్నాడే నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్ళారు. ముక్కాలి పీట మీద కూర్చుని, ఆ కీలు విప్పించి, గీసి, మళ్ళీ గీసి, "ఎంత చక్కటి ఆలోచనండీ" అన్నారు. ఆయన అంత తేలిగ్గా అనే మనిషి కాదని సింహాచలానికి తెలీదు, నాకు తెలుసు. నాకు అసూయ కలిగింది కూడా.

తరువాత, ఇది ఆ కంపెనీ వాళ్ళకి ఎలా తెలిసిందని అడిగారు.

"ఆళ్ళ ఇంజినీరు రోలర్ల పనికి మా సెడ్డుకొచ్చీవోడండి. విశ్వకర్మ పూజకీ వొచ్చేడు. పెసాదం తిన్నాడు. అన్నీ సూసేడు."

"అన్నీ అంటే? మూత లోపల కూడానా?"

"మరి విప్పేం కదండి" అన్నాడు సింహాచలం, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

యంత్రానికి ప్రాణం ఎక్కడ

ఆ వీధిలో ఒక ఆచారం ఉంది. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ నాడు ప్రతి షెడ్డూ కడిగి, యంత్రాలకి దండలు వేస్తారు. అది అన్ని చోట్లా ఉన్నదే. ఇక్కడి పట్టింపు వేరు. ఆ ఏడాది కొత్తగా చేసిన సామాను ఏదుంటే దాన్ని వీధి మొగలో బల్ల మీద పెడతారు. పురోహితుడు దాని పైపైన బొట్టు పెడితే ఒప్పుకోరు. యంత్రానికి ప్రాణం ఎక్కడుందో అక్కడ పెట్టాలి. అందుకని చేసినవాడు దాన్ని అందరి ముందూ విప్పి, ప్రాణం ఇదీ, ఇది ఇలా పనిచేస్తుంది అని చెప్పాలి. చెప్పాక బొట్టు, ఆ తరువాత కొబ్బరికాయ. దాచుకున్నవాడి యంత్రం ఏడాది తిరక్కుండా మూలపడుతుందని వాళ్ళ నమ్మకం.

సింహాచలం కీలు చేసిన ఏడాది అలాగే మూత విప్పాడు, కదిలించి చూపించాడు, చెప్పాడు. వీధంతా చూసింది. కంపెనీ దరఖాస్తు వేసింది ఆ తరువాత చాలా రోజులకి.

పేటెంటు చట్టం మనిషిని అడిగేది ఒక్కటే. నీ కొత్త సంగతి దాచకుండా లోకానికి చెప్పు, బదులుగా కొన్నేళ్ళు దాని మీద హక్కు తీసుకో. కానీ దరఖాస్తు ముందు, చెప్పడం తరువాత. సింహాచలం చెప్పడం భేషుగ్గా చేశాడు. దరఖాస్తు అనేది ఒకటుందని అతనికి తెలియదు. ఒకసారి పదిమందికీ తెలిసిన దాన్ని కొత్తది అనడానికి లేదు. అది ఇక ఎవరిదీ కాదు, అందరిదీ.

ఏదైనా సందు ఉందేమోనని నేను చట్టమంతా వెతికాను. ప్రభుత్వం గుర్తించిన ఎగ్జిబిషన్‌లో చూపిస్తే కొంత మినహాయింపు ఉంది. ఆటోనగర్ వీధి మొగ ఎగ్జిబిషన్ కాదు. పనిచేస్తుందో లేదో పరీక్షించడానికి నలుగురిలో నడిపితే మినహాయింపు ఉంది. అది చెబితే దానియేలు గారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "దండ వేసి, హారతిచ్చి, పులిహోర పంచితే పరీక్ష అంటారమ్మా?" అన్నారు.

రెండు దారులు

అయితే ఇంకో దారి ఉంది, అది నేనే పట్టుకున్నాను. నా వస్తువుని వీళ్ళు అన్యాయంగా నా దగ్గర నుంచి తీసుకున్నారు అని సింహాచలం రుజువు చేస్తే, ఆ పేటెంటుని ఏకంగా అతని పేరుకే మార్చమని అడగొచ్చు. ఇంజనీరు రోలర్ల పనికి షెడ్డుకి వచ్చి వెళ్ళిన మాట నిజం. అప్పుడు చూశాడని చెబితే చాలు. పూజ సంగతి ఎవరూ ఎత్తకూడదు, అంతే. కంపెనీ ఎటూ ఎత్తదు. ఎత్తితే వాళ్ళ పేటెంటే ఊడుతుంది.

నేను గట్టిగానే వాదించాను. మనం అబద్ధం ఆడటం లేదు, అడగనిది చెప్పడం లేదు, అసలు కనిపెట్టిన మనిషికి అతని పేరు దక్కుతుంది అన్నాను. జూనియరు పని అదే, ఆ స్థానంలో ఉంటే ఇప్పుడైనా అలాగే వాదిస్తాను. దానియేలు గారు చివరిదాకా విని, "ఆ పూజ నాడు అక్కడున్నవాళ్ళలో ఎవర్నైనా చెన్నై ఆఫీసులో ప్రమాణం చేయించి అడిగితే ఏం చెబుతారు?" అన్నారు.

సింహాచలాన్ని కూర్చోబెట్టి ఆయన తన పద్ధతిలోనే చెప్పారు.

"చూడండి. పూజ సంగతి చెబితే కంపెనీ పేటెంటు పోతుంది. మీరు మీ సామాను హాయిగా చేసుకోవచ్చు. కానీ వీధిలో అందరూ చేసుకోవచ్చు. ఈ జన్మకి దాని మీద మీ పేరు రాదు. దాచితే మీ పేరు రావచ్చు. దాచమని అడిగితే మాత్రం నేను కేసు వదిలేస్తాను, ఇంకొకర్ని చూసుకోండి. కోపం లేదు నాకు. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

కేసు వదిలేస్తానన్న లాయర్ని అంతకుముందు నేను చూడలేదు. మెట్లు దిగుతున్న సింహాచలం వెనకే వీధి దాకా వెళ్ళాను. పేరు ఆ మనిషికి ఎంత కావాలో అతని మొహంలో కనిపిస్తూనే ఉంది.

నూకరాజు అన్న మాట

వారం తిరక్కుండా సింహాచలం కబురు చేస్తే మేమిద్దరం ఆటోనగర్ వెళ్ళాం. షెడ్డులో అతనితో పాటు పక్క షెడ్డు నూకరాజు కూడా ఉన్నాడు. నూకరాజుది సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. తమ్ముళ్ళు ఇప్పటికీ వేటకే వెళతారు, ఇతను మాత్రం పడవ ఇంజన్ల పని నేర్చుకుని ఒడ్డున షెడ్డు పెట్టుకున్నాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. సింహాచలానికీ ఇతనికీ చుట్టరికం లేకపోయినా బావా బావా అనుకుంటారు. పూజ నాడు చూసిన కీలుని నూకరాజు కూడా చేసి అమ్ముకుంటున్నాడని మాకు అప్పుడే తెలిసింది. సింహాచలానికి అందులో తప్పేమీ కనిపించలేదు. సూపించింది నానే కదా అన్నాడు.

నూకరాజు మా దానియేలు గారికి నమస్కారం పెట్టి, సింహాచలం వైపు తిరిగాడు.

"బావా, పూజనాడు నానసలు ఊళ్ళో లేను. తమ్ముళ్ళతో ఏటకెళ్ళిపోయేను. నానేటీ సూడలేదు. సెన్నైలో అడిగినా ఇదే మాట. ఈదిలో అందరికీ సెప్పేను, ఎవులూ నోరిప్పరు. పేటెంటు నీ పేరున రానీ."

"వొచ్చేక నువ్వు సేసే సామాన్లు ఏటవుతాయిరా? సట్టం పెకారం నువ్వు మానెయ్యాల."

"మానేత్తాను. నాకు పడవల పనుంది. కనిపెట్టినోడివి నువ్వు, పేరు నీకుండాల."

నేను దానియేలు గారి వైపు చూశాను. ఆయన కళ్ళు సింహాచలం మీదే ఉన్నాయి.

సింహాచలం చేతిలో కీలుని ముందుకీ వెనక్కీ కదుపుతూ కూర్చున్నాడు. "ఆవేళ కొబ్బరిముక్క నోట్లో ఎట్టుకుని, 'బలేగెట్టేవురా బావా కీలు' అని నా ఈపు మీద సరిసింది ఎవుడ్రా మరి?"

"నానే. కాదంతాను."

"నువ్వు కాదంతావు. అయ్యవోరి సేత కూడా కాదనిపిత్తావేటి? బొట్టెట్టిన సెయ్యి ఆయనది." సింహాచలం లేచి నిలబడ్డాడు. "బాబూ, ఈదందరి సేతా అబద్దం ఆడించి తెచ్చుకున్న పేరు నాను ఏ మొకం ఎట్టుకుని సెడ్డు మీద రాయించుకుంతానండి? అందరూ సూసేరు. సూసేరనే రాయండి."

"మీ పేరు పోతుంది. మళ్ళీ చెబుతున్నాను" అన్నారు దానియేలు గారు.

"పోనీండి."

దానియేలు గారు లేచి అతని చెయ్యి పట్టుకున్నారు. తెల్లచొక్కా కఫ్ నిండా గ్రీజు అయింది. నా వృత్తి జీవితంలో నేను చూసిన గొప్ప దృశ్యం ఏదని అడిగితే సుప్రీంకోర్టూ కాదు, ఢిల్లీ సదస్సులూ కాదు. ఇదే చెబుతాను. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, దాచుకోలేదు కూడా.

చెన్నైలో

నూకరాజుతో మొదలుపెట్టి వీధిలో షెడ్లవాళ్ళు చాలామంది ప్రమాణపత్రాలు ఇచ్చారు. కానీ అసలు సాక్షి సోమయాజులు గారు, ఆ ఏడాది పూజ చేసిన పురోహితుడు. చెన్నైలో విచారణకి ఆయన కొత్త పంచె కట్టుకుని, దారిపొడవునా రైల్లో మాకందరికీ తిథివార నక్షత్రాలు చెబుతూ వచ్చారు.

కంపెనీ తరఫు లాయరు మామూలు మనిషి కాదు. ఒప్పుకుంటాను, ఆయన వాదన వింటుంటే మా కేసు పోయిందనే అనిపించింది. వీధిలో పెట్టారు సరే, జనం చూసింది పైమూతనే, లోపలి కీలు ఎలా పనిచేస్తుందో ఎవరికీ అర్థమై ఉండదు, అర్థం కానిది బయటపడినట్టు కాదు అన్నారు. షెడ్లవాళ్ళందరూ అదే సామాను అమ్ముకునేవాళ్ళు, వాళ్ళ మాటకి విలువేముంది అన్నారు. ఇక పురోహితుడంటారా, ఆయనకి యంత్రాల గురించి ఓనమాలు తెలుసా అన్నారు.

దానియేలు గారు లేచారు.

"తెలియదండి. తెలియదు కనకనే ప్రాణం ఎక్కడని అడిగారు. అడిగారు కనకనే విప్పి, ఆయనకి అర్థమయ్యేలా చెప్పారు. ఆయనకి అర్థమైనది ఇంజనీరుకి అర్థం కాలేదంటే నేను నమ్మలేను."

విచారణ చేస్తున్న పేటెంటు ఆఫీసు అధికారి, కంట్రోలరు గారు, సోమయాజులు గారినే అడిగారు, బొట్టు ఎక్కడ పెట్టారో చెప్పమని. బల్ల మీదున్న సామానుని ఆయన కాసేపు తిప్పి చూశారు. మూత తీయమన్నారు. తీశాక లోపల కీలు మీద వేలు పెట్టి, "ఇక్కడండి. తట్టుకుంటే వెనక్కి తగ్గుతుంది, దాటాక మళ్ళీ నిలబడుతుంది అని చెప్పాడు. మంచి గుణం అనుకుని అక్షింతలు కూడా వేశాను" అన్నారు. మేం తర్జుమా చేసి చెప్పాం. కంట్రోలరు గారు రాసుకున్నారు. కంపెనీ లాయరు ఫైలు మూసేశారు.

బయటికొచ్చాక ఆ లాయరు గారే దానియేలు గారి దగ్గరికి వచ్చి చేయి కలిపారు. "మీరు ఇంకో దారిలో వస్తారని మొదట దానికే తయారయ్యాను" అన్నారు. ఏ దారో మేం అడగలేదు.

పిల్లలకి ఒక మాట. మా కేసు గెలిచింది కదా అని పూజలన్నీ సాక్ష్యాలనుకోకండి. గెలిపించింది ఎదురుగా నిలబడి నిజం చెప్పడానికి ఒప్పుకున్న మనుషులు. ఈ కేసు తరువాత దానియేలు గారు ఒక అలవాటు చేశారు. ఏటా శ్రావణం వెళ్ళగానే మమ్మల్ని ఆటోనగర్ పంపేవారు. షెడ్డు షెడ్డుకీ వెళ్ళి, కొత్తది ఏదైనా చేస్తే ముందు దరఖాస్తు పడేయండి, తరువాత హాయిగా విప్పి బొట్టు పెట్టించుకోండి అని చెప్పి రావాలి. ఆచారం మానమని ఒక్కసారి కూడా అననివ్వలేదు. దాచుకోవద్దని చెప్పే ఆచారం మన చట్టం కంటే మంచిది, దానికి మనం కొంచెం ముందు లేస్తే చాలు అనేవారు. ఆయన పోయాక కూడా నేను రిటైరయ్యేదాకా ఏటా వెళుతూనే ఉన్నాను.

ఆర్డరు వచ్చాక

కంపెనీ పేటెంటు రద్దయింది. ఆర్డరు కాపీ పట్టుకుని నేనే ఆటోనగర్ వెళ్ళాను. సింహాచలం షెడ్డు ముందు వీధివాళ్ళంతా చేరితే, తెలుగులో చెబుతూ చదివాను. చప్పట్లు కొట్టారు. ఎవరో సోడాలు తెచ్చారు. అంతా అయ్యాక సింహాచలం నా పక్కకి వచ్చి మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఇది నాను సేసేనని ఇందులో ఎక్కడైనా ఉందాండి?"

లేదు. ముందే జనానికి తెలిసిన విషయం కాబట్టి పేటెంటు చెల్లదు అని ఉంది. సింహాచలం పేరు మొదటి పేజీలో ఒక్కచోట ఉంది, అభ్యంతరం చెప్పినవాడిగా. అంటే సర్కారు కాగితాల ప్రకారం ఆ కీలుతో అతనికున్న సంబంధం దాన్ని ఎదిరించడమే. ఇదంతా అతనికి చెప్పకుండా ఏదో సర్దేయవచ్చు. దానియేలు గారి దగ్గర అన్నేళ్ళు పనిచేశాక నాకు అది చేతకాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

తలూపాడు. "సరేనండి" అని, లోపలికి వెళ్ళి లేతు ఆన్ చేశాడు.

ఆ ఏడాది వానాకాలం ముందు ఇంకో పని మీద ఆ వీధికే వెళ్ళాను. నూకరాజు షెడ్డులో కూర్చుని టీ తాగుతుండగా, కొత్తగా పోర్టు పని పట్టిన కాంట్రాక్టరు ఒకతను వచ్చాడు. బెల్టు గీకే సామాను కావాలి, పెద్ద ఆర్డరు, నెల లోపల ఇవ్వగలవా అని నూకరాజుని అడిగాడు. నూకరాజు షెడ్డులో పని లేదు. తయారైన సామాన్లు గోడవారగా పేర్చి ఉన్నాయి. ఆ కాంట్రాక్టరుకి సింహాచలం ఎవరో తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

నూకరాజు టీ గ్లాసు కింద పెట్టి, పక్క షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

"దీన్ని కనిపెట్టినోడు ఆ సెడ్డులో ఉన్నాడండి. సింహాచలం అని. ముందు ఆడి కాడికెల్లండి. ఆడికి కుదరదంతే అప్పుడు నా కాడికి రండి."

కాంట్రాక్టరు వెళ్ళాడు. నూకరాజు మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. ఆ మాట చెప్పి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. నాకు చట్టమంతా తెలుసు కాబట్టి చెబుతున్నాను.